దూదికి వినపడదు

కొన్నేళ్ళుగా నాలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుకుంటూ, నా నోటి వంకే చూస్తూ. నేను పుస్తకం తెరిచినా, అన్నం ముందు కూర్చున్నా, అలాగే నిలబడి ఉంటాడు. ఏమీ అడగడు. అడగాల్సింది ఆ రోజే అడిగాడు. నేనిచ్చిన జవాబు అబద్ధం. ఆ అబద్ధం బరువు ఇన్నేళ్ళూ ఎక్కడా దించలేదు. దించడానికి చోటు దొరక్క కాదు, ధైర్యం లేక.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. ఎదురుగా మనిషి ఉంటే నాకు గొంతు పెగలదు, చిన్నప్పటి నుంచీ అంతే. తక్కువ మాట్లాడే పిల్ల అబద్ధమాడదని అందరికీ ఎందుకో ఒక నమ్మకం. జరిగిందంతా ఆ నమ్మకం చలవే.

అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. ఊరి శివారున ఒక పాత పొగాకు గోడౌన్ ఉండేది. అందులో రిటైరైన డ్రాయింగ్ టీచర్ ఒకావిడ దిక్కులేని కుక్కల్ని సాకేవారు. ఆవిడని ఇక్కడ సుగుణ టీచర్ అంటాను, అసలు పేరు అది కాదు. లారీ కింద పడి కాలు విరిగినవి, సంచిలో కట్టి కాలవ గట్టున వదిలేసినవి, ఇల్లు మారుతూ జనం వదిలేసి పోయినవి. బ్రాడీపేటలో మా ఇంటి నుంచి సైకిల్ మీద రోజూ సాయంత్రం వెళ్ళేదాన్ని. గిన్నెలు కడిగేదాన్ని, నూకల అన్నం వండేదాన్ని, పుళ్ళకి పసుపు రాసేదాన్ని. మనుషులతో మాట్లాడక్కర్లేని చోటని వెళ్ళాను. కానీ అసలు పని మాట్లాడటమే. ఆ కుక్కలకి ఇళ్ళు వెతకాలి. జాతికుక్క కావాలనే వాళ్ళే తప్ప, ఊరకుక్కని పిలిచి అన్నం పెట్టుకునే వాళ్ళు ఎక్కడ దొరుకుతారు? టీచర్ మాట్లాడేవారు. నేను పక్కన తాడు పట్టుకుని నిలబడేదాన్ని.

టీచర్‌కి ఒక పట్టుదల ఉండేది. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వాలి. "ఇది చెప్పులు కొరుకుతుందండీ." "దీనికి ఉరుమంటే భయం, మంచం కిందికి దూరుతుంది." అలా చెబితే ఎవరు తీసుకుంటారని నాకు లోపల విసుగ్గా ఉండేది. ఆశ్చర్యం ఏమిటంటే తీసుకునేవాళ్ళు. నిజం చెప్పారు కదా అని తీసుకునేవాళ్ళు.

దూది చలికాలం మొదట్లో వచ్చింది. ఒళ్ళంతా తెలుపు, ఒక కన్ను పిల్లికన్ను. పత్తి లోడు లారీలో మూలన ముడుచుకుని దొరికిందని డ్రైవరెవరో తెచ్చి ఇచ్చాడు. అందుకే ఆ పేరు. ఒకరోజు నా చేతిలోంచి స్టీలు గంగాళం గచ్చు మీద పడింది. గోడౌనంతా మోగింది. కుక్కలన్నీ ఎగిరిపడ్డాయి. దూది నా వెనక పడుకుని ఉంది. చెవి కూడా కదల్లేదు.

మర్నాడు చప్పట్లు కొట్టి చూశాను. వెనక నుంచి పేరు పెట్టి అరిచాను. నేను అంత గట్టిగా అరవడం నాకే కొత్త. అది తన కాలు తను నాక్కుంటూ కూర్చుంది.

టీచర్‌కి చెప్పలేదు. మొదట్లో ఇందులో దురుద్దేశం లేదు, నమ్మండి. నాకూ దానికీ మధ్య ఉన్న రహస్యంలా అనిపించింది. మాటలు రాని నాకు, మాటలు వినపడని అది. చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. అరచెయ్యి కిందికి దించితే కూర్చునేది. చెయ్యి తల మీదకి ఎత్తితే మొరిగేది. మొరిగాక గ్లూకోజ్ బిస్కెట్ ముక్క. అంతా ఆట. టీచర్‌కి చూపు సరిగ్గా ఆనేది కాదు, పైగా దూది మిగతా కుక్కల్ని చూసి వాటితోపాటే పరిగెత్తేది కాబట్టి ఆవిడకి అనుమానం రాలేదు.

ఆ ఏడాది మిర్చి సీజన్ మొదలయ్యేసరికి గోడౌన్ ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. సరుకు పెట్టుకోవాలన్నాడు. టీచర్ బతిమాలితే కొద్ది వారాలు గడువిచ్చాడు. ఇల్లు దొరకని కుక్కల్ని రోడ్డు మీద వదలడం తప్ప దారి లేదు. రోడ్డు మీద వదిలితే మునిసిపాలిటీ బండి వస్తుంది. ఆ బండి ఎక్కిన కుక్కలు తిరిగి రావడం మేమెప్పుడూ చూడలేదు. దూదికైతే ఆ బండి కూడా అక్కర్లేదు. హారన్ వినపడని కుక్క మా రోడ్ల మీద ఒక్క పూట బతకదు. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ, ఈయన తీసుకుంటాడా అని చూసేదాన్ని. అడిగే నోరు మాత్రం వచ్చేది కాదు.

అప్పుడొచ్చాడు కోటేశ్వరరావుగారు. పెదనందిపాడు వైపు రైతు. మిరపకాయలు కల్లంలో ఆరబోశానని, కాపలాకి కుక్క కావాలని వచ్చాడు. టీచర్ లోపల ఫోన్‌లో ఉన్నారు. ఆయన తిరిగి తిరిగి దూది ముందు ఆగాడు.

"ఏమ్మా, ఇది అరుస్తదా? మొద్దు మొహంలాగుందే!" అని, దాని వైపు వంగి "ఒరేయ్!" అని గట్టిగా గద్దించాడు.

నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. నా చెయ్యి లేచింది.

దానంతటదే లేచిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నేనే ఎత్తాను. దూది నా చెయ్యి చూసి, గోడౌన్ అదిరేలా మొరిగింది. ఆయన మళ్ళీ గద్దించాడు. నేను మళ్ళీ ఎత్తాను.

"భలే పౌరుషం!" అని ఆయన నవ్వి, జేబులోంచి తాడు తీశాడు. ఇంతలో టీచర్ బయటికి వచ్చారు. "దీనికి లోపమేమన్నా ఉందామ్మా?" అని నన్నడిగారు. లేదన్నట్టు తలూపాను. ట్రాక్టర్ ట్రక్కులో నిలబడి దూది నా వైపే చూస్తూ వెళ్ళింది, మళ్ళీ చెయ్యెత్తుతానేమోనని.

ఆ రోజు నాకెంత సంతోషమో చెప్పలేను. చావాల్సిన ప్రాణాన్ని బతికించాను అనుకున్నాను. కాపలా కుక్కకి చెవులు దేనికో నేను ఆలోచించలేదా? ఆలోచించాను. ఆలోచించి పక్కన పెట్టాను. కల్లంలో ఎలాగూ మనిషి కూడా పడుకుంటాడు కదా అనుకున్నాను.

ఆ మనిషి పేరు సైదులు.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం కోటేశ్వరరావుగారు మళ్ళీ వచ్చాడు. ఈసారి వెనక ఇంకొకాయన ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, ఎండకి నల్లబడ్డ మొహం, చొక్కా మీద మిరప మరకలు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పటికి గోడౌన్లో మిగిలినవి మూడు కుక్కలు. వాటిలో రెండింటిని తీసుకెళ్ళడానికి ఒక డాక్టరు గారి కుటుంబం వచ్చి ఉంది. పిల్లలు అప్పటికే వాటికి పేర్లు పెట్టేస్తున్నారు. టీచర్ మొహం వెలిగిపోతోంది.

ఇక్కడికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. అక్కడ జరిగిన మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు, అన్నీ రాస్తాను.

"నీ కుక్క పోయిందమ్మా," అన్నాడు కోటేశ్వరరావుగారు నాతో. "ట్రాక్టర్ ఎనక్కి తీస్తంటే చక్రం కింద పడింది. అదట్టా ఉంచు. అంతకు ముందే కల్లంలో మిర్చి టిక్కీలు ఎత్తుకపోయారు. గోనెలు కుట్టి వరసలో పేర్చినయ్యి. కుక్క కిక్కురుమనలా. అంటే ఏంది? వచ్చినోడు దానికి తెలిసినోడు. రోజూ దానికి అన్నం పెట్టేది ఎవుడు? ఈడే."

"నేను కాదండీ," అన్నాడు సైదులు. గొంతు చాలా మెల్లగా ఉంది. "పగలంతా మూటలు మోసి ఒళ్ళు హూనమైంది. కుక్కుంది గదా, అరిస్తే లేద్దామని కన్ను మూశానండీ. తీరా చూస్తే దానికి చెవుడు. అన్నం పెట్టేటప్పుడు ఎంత పిలిచినా రాదు, ముందుకెళ్ళి చెయ్యాడిస్తే వస్తది. మొండిదేమో అనుకున్నానండీ. ట్రాక్టర్ సౌండుకి కూడా లేవలేదంటే చూడండి. చెప్తే ఈయన నమ్మట్లేదు."

"చెవుడంట! నేనే స్వయంగా పరీక్ష చేసి తెచ్చా గదరా. నా గొంతుకి ఎగిరెగిరి అరిచింది. కుక్క చచ్చినాక దానికి లేని రోగం అంటగడతావా?"

సైదులు ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. "అమ్మాయిగారూ, మీరు సాకారంట గదా. మీకు తెలిసే ఉంటది. ఒక్క మాట చెప్పండి. దానికి వినపడుద్దా?"

టీచర్ నా భుజం మీద చెయ్యి వేశారు. "చెప్పమ్మా, భయమెందుకు? మా అమ్మాయి అబద్ధం చెప్పదండీ. మేము ప్రతి కుక్క సంగతీ ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇస్తాం." డాక్టరు గారి భార్య, పట్టుకున్న తాడు వదలకుండానే, నా వైపు తిరిగింది.

అందరూ చూస్తున్నారు.

"బాగానే వినపడుతుందండీ," అన్నాను.

నా జీవితంలో అంత స్పష్టంగా, తడబడకుండా ఇంకో మాట చెప్పిన గుర్తు లేదు.

సైదులు తిట్టలేదు. ఇంకొంచెంసేపు నా నోటి వంకే చూశాడు, దాన్లోంచి ఇంకేమైనా వస్తుందేమో అన్నట్టు. తర్వాత తలగుడ్డ చుట్టుకోకుండానే బయటికి నడిచాడు. కోటేశ్వరరావుగారు మిగిలిన మూడో కుక్క వైపు చూసి, "సరే, ఈసారి దీన్ని ఇయ్యమ్మా. నీ మాట మీద తీసుకపోతా," అన్నాడు. ఇచ్చాను. ఆ సాయంత్రానికి గోడౌన్ ఖాళీ. ఒక్క కుక్క కూడా రోడ్డు మీద పడలేదు. టీచర్ నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు.

డైరీలో ఆ రోజు ఎండ గురించి రాశాను. దుర్మార్గం కదా? నేను తప్ప ఎవరూ చదవని చోట కూడా అబద్ధమే రాశాను.

మొదటి అబద్ధానికి నా దగ్గర ఒక సాకు ఉంది. చెయ్యెత్తింది ఒక ప్రాణం కోసం. ఆ సాకుతో ఎవరి ముందైనా నిలబడగలను. కానీ రెండోది? అప్పటికే దూది చచ్చిపోయింది. అది చచ్చింది కూడా నా మూలానే. చెవుడని తెలిసి ఉంటే ఆ ట్రాక్టర్ డ్రైవరు దిగి చూసేవాడు, దాన్ని కట్టేసేవాడు. ఇక కాపాడాల్సిన కుక్క లేదు. మరి ఎవరిని కాపాడాను? నిజం చెబితే డాక్టరు గారి వాళ్ళు వెళ్ళిపోతారని, మూడు కుక్కలు వీధిన పడతాయని అనుకున్నానని కొన్నేళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ క్షణంలో నాకు కుక్కలు గుర్తే లేవు. నా భుజం మీద ఉన్న చెయ్యి ఒక్కటే గుర్తుంది. అది తీసేస్తారేమోనని భయం. అంతే. ఒక మనిషి బతుకు ఒక వైపు, నా గురించి ఇంకొకరు అనుకునే మంచి ఒక వైపు. నేను రెండోది ఎంచుకున్నాను, ఆలోచించుకోవడానికి కూడా ఆగకుండా.

సైదుల్ని ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ కల్లానికి పిలవలేదని తర్వాత తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళూ పిలవలేదు. కోటేశ్వరరావుగారే ఒకసారి టీచర్‌కి ఎండుమిర్చి ఇవ్వడానికి వచ్చి చెప్పాడు. "పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పిడుగురాళ్ళ పోయాడంట, సున్నం బట్టీల్లోకి. దొంగబుద్ధోడికి ఎవురిస్తారమ్మా పని?" నేను కాఫీ గ్లాసులు అందించాను.

ఒకసారి పిడుగురాళ్ళ బస్సెక్కాను. ఇంట్లో ఫ్రెండు పెళ్ళని చెప్పాను, చూశారా, దానికీ అబద్ధమే. బట్టీల దగ్గర దిగాను. రోడ్డూ చెట్లూ మనుషులూ అంతా తెల్లగా ఉంది. సున్నం గంపలు మోసేవాళ్ళ మొహాలకి గుడ్డలు చుట్టి ఉన్నాయి, కళ్ళు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. అందులో ఆయన ఉండొచ్చు. ఎవరినైనా అడిగితే చాలు. "సైదులు అనే ఆయన..." అని మనసులో ఎన్నోసార్లు అనుకున్నాను. గంప దించి ఒకాయన నా వైపు చూసి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. ఎవరూ లేరన్నట్టు తలూపాను. టీచర్ ముందు ఊపినట్టే. వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు నేను వెళ్ళి చెబితే ఏమవుతుంది? ఆయనకి పోయిన ఏళ్ళు తిరిగొస్తాయా? ఆయన పిల్లల్ని దొంగ పిల్లలన్న మాట వెనక్కి పోతుందా? పోదు. మరి క్షమించమని అడగడానికి వెళ్ళాలా? అది మళ్ళీ నా కోసమే అవుతుంది. అలా అనుకుని ఊరుకుంటే, అదీ నా కోసమే. ఎటు తిరిగినా నా దగ్గరికే వస్తున్నాను. టీచర్ ఇప్పటికీ వేరే చోట కుక్కల్ని సాకుతూ, అక్కడ కొత్తగా చేరిన పిల్లలకి నన్ను చూపించి చెబుతారు, ఈ అమ్మాయిలా ఉన్నది ఉన్నట్టు చెప్పాలని. నేను తల దించుకుంటాను. సిగ్గరి అనుకుంటారు.

మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఏమీ అనకపోయినా సరే. ఆయన అడిగిన ప్రశ్నకి సరైన జవాబు ఎక్కడా, ఎవరి ముందూ, కాగితం మీద కూడా ఇంతవరకూ చెప్పలేదు. ఎవరూ లేని ఈ గదిలో ఇప్పుడు పైకి చదువుతూ రాస్తున్నాను. మాట వస్తోంది.

లేదండీ సైదులు గారూ. దూదికి వినపడదు. నాకు ముందే తెలుసు.