చాచా కొనిపించిన మౌస్

నా కుడిచేతి మణికట్టు ఇప్పుడు నొప్పి పెట్టడం లేదు. ఎవరైనా బాగోగులు అడిగితే ముందు ఆ సంగతే చెబుతాను. మిగతాది అడక్కుండా ఉంటారని.

బోధన్‌లో ఒక ప్రెస్సులో పెళ్లి కార్డులు డిజైన్ చేయడం నా పని. మాది చందూర్ పక్కన చిన్న ఊరు, రోజూ బస్సులో వచ్చిపోతాను. ఇక్కడి పెళ్లిళ్లకు మూడు భాషలు కావాలి. రుద్రూర్ వైపు రైతులు తెలుగు కార్డుకు వస్తారు. ఊళ్లోని ముస్లిం కుటుంబాలకు ఉర్దూ కార్డు కావాలి. సరిహద్దు అవతల చుట్టాలున్నవాళ్లు కొన్ని కార్డులు మరాఠీలో వేయమంటారు. తెలుగు, మరాఠీ నా వంతు. ఉర్దూ చాచా వంతు.

చాచా నాకు చుట్టం కాదు. నా పక్క కంప్యూటర్ ముందు కూర్చునే పెద్దాయన, అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు కలంతో అందంగా ఉర్దూ రాసి బతికాడు. చేతిరాతకు గిరాకీ పోయాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. పదేళ్ల కింద నేను ఏమీ రాకుండా చేరితే, తిట్టకుండా, విసుక్కోకుండా పని నేర్పింది ఆయనే. ఇప్పుడు ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

రెండేళ్ల కింద నా మణికట్టు వాచింది. పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దంతా ఆ నాసిరకం మౌస్‌ను తోసీ తోసీ, చివరికి జొన్నరొట్టె తుంచుకోవడం కూడా కష్టమైంది. మా యజమానిని అందరం సేటు అంటాం. ఆయన నా చేతికున్న కట్టు చూసి కూడా చూడనట్టే ఉన్నాడు. చాచా ఊరుకోలేదు.

"బేటీ, చెయ్యి ఖరాబైతే మనకేం మిగుల్తది? కలం పట్టి పట్టి నా వేళ్లు ఎట్ల వంకరవోయినయో సూడు. మంచి మౌస్ కొనుక్కో."

ఒక ఆదివారం ఆయనే నాతో నిజామాబాద్ వచ్చాడు. దుకాణంలో ఐదారు మౌస్‌లు బయటికి తీయించాడు. ఒక్కోదాని మీద నా చెయ్యి పెట్టించి, గాజుల సైజు చూసే మనిషిలా అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి అన్నిటికంటే ఖరీదైనదే నా చేతికి కుదిరిందన్నాడు. నల్లగా, బరువుగా, అరచెయ్యి దాని మీద వాలిపోయేలా ఉంది. వైరు లేదు. బొటనవేలి దగ్గర పేజీని పక్కకు జరిపే ఇంకో చక్రం, దాని దగ్గరే మనకు కావలసిన పని అప్పగించుకునే బటన్లు. నొక్కితే చప్పుడు కూడా రాదు.

వారంలో నొప్పి తగ్గింది. నెలలో నాకు పొగరెక్కింది.

పొగరే, దానికి ఇంకో పేరు పెట్టను. ఒక బటన్‌కు కాపీ చేయడం, ఇంకోదానికి అతికించడం, మరోదానికి వినాయకుడి బొమ్మతో సహా కార్డు పైభాగమంతా అప్పగించాను. ఒక పూట పట్టే పని గంటలో తేలిపోయేది. చాచా మురిసిపోయాడు. "నా బిస్మిల్లా గూడ బటన్ల వెట్టుకో, నీకు అల్కగుంటది" అని కార్డు పైన వేయడానికి తన చేత్తో రాసిన బిస్మిల్లాను, ఉర్దూ ఆహ్వాన వాక్యాలను నా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. నాకు ఉర్దూ ఒక్క అక్షరం రాదు. అవి నాకు బొమ్మలే. ఆయన లేని పూట ఎవరైనా వస్తే వెనక్కి తిరిగి పోకూడదని ఇచ్చాడు. అంతటితో ఆగాడా? సేటు ముందు నన్ను ఆకాశానికి ఎత్తాడు.

"ఈ పిల్ల స్పీడు సూడు సేటూ, ఇద్దరి పని ఒక్కతే చేస్తది."

సేటుకు ఆ మెప్పులో తనకు కావలసిన ముక్కే వినబడింది. మర్నాడు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇప్పుడు ఉర్దూ మ్యాటర్ అందరు ఫోన్లనే టైప్ చేసి పంపుతున్రు. అది గూడ నువ్వు వెట్టగల్గుతవా?"

"అతికించుడే గద సేటూ. మూడు భాషలు నేనే చేస్త" అన్నాను.

చాచా పక్కనే ఉన్నాడు. ఆయన కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. నా నోరు మాత్రం ఆగలేదు. ఒక ఉర్దూ కార్డు అక్కడికక్కడే చేసి చూపించాను కూడా. నన్నెవరూ బలవంతపెట్టలేదు. శెభాష్ అనిపించుకోవాలన్న కక్కుర్తి, అంతే.

రంజాన్ పండుగ వెళ్లిన వారానికి సేటు చాచాను ఇక రావద్దన్నాడు. ఆయన కళ్లద్దాల డబ్బా, టిఫిన్ సంచీ తీసుకుని "మంచిగ చేస్కో బేటీ" అని వెళ్లిపోయాడు. నేను లేచి నిలబడ్డాను, అంతకుమించి ఏమీ చేయలేదు. ఊళ్లో ఏ ప్రెస్సూ ఆయన్ను పెట్టుకోలేదు. మసీదు గల్లీలో కూర్చుని జనాలకు దరఖాస్తులు రాసిపెడుతున్నాడని తర్వాత తెలిసింది. ఆ గల్లీ వైపు వెళ్లడం మానేశాను.

తర్వాతి సీజన్‌లో ఒక ఉర్దూ కార్డు చేశాను. నికాహ్ ఒక గడిలో, ఆ తర్వాత పెళ్లికొడుకు వాళ్లిచ్చే వలీమా విందు ఇంకో గడిలో. తెలుగు కార్డులో ఎడమవైపు ముహూర్తం, కుడివైపు రిసెప్షన్ వేస్తాం కదా, ఆ అలవాటున నికాహ్‌ను ఎడమవైపు పెట్టేశాను. ఉర్దూ కుడి నుంచి చదువుతారని నాకు తెలియదా? అన్నేళ్లు చాచా పక్కన కూర్చున్న మనిషిని. చెయ్యి పరుగెత్తింది, బుర్ర వెనకబడింది. ఫోన్‌కు పంపితే వాళ్లూ పేర్లు, తేదీలు చూసుకుని సరే అన్నారు. కార్డులన్నీ అచ్చయ్యాయి.

మూడో రోజు పెళ్లికొడుకు తండ్రి ఆ కట్టలు తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఏమమ్మా, మేం వలీమా తిన్నంక నికాహ్ చేస్తమా? మొహల్లా మొత్తం నవ్వుతున్నది."

సేటు చాచాకు ఫోన్ చేసి ఒక్క పూటకు రమ్మన్నాడు. నేనైతే వచ్చేదాన్ని కాదు. ఆయన వచ్చాడు. ఆయన కూర్చునే చోట ఇప్పుడు లామినేషన్ మిషన్ ఉంది, అందుకని లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆయన గడులు మార్చాడు, మొత్తం ఒకసారి చదివాడు, ఇంకెక్కడో నేను చేసిన తప్పు కూడా దిద్దాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇక నావల్ల కాలేదు. "సేటూ, చాచాను మళ్ల పెట్టుకోర్రి. ఉర్దూ నాతోని కాదు" అన్నాను.

సేటు కోప్పడలేదు. తాపీగా అన్నాడు.

"పెట్టుకుంట. నువ్వు మానెయ్. నా తాన ఒక్క కుర్సీనే ఉన్నది. చెప్పు, నీ ఇష్టం."

చాచా తెర వైపే చూస్తున్నాడు. ఆయన చెయ్యి మౌస్ మీదే ఉంది. నాకు ఇంకో పని దొరకదని కాదు. నిజామాబాద్ ప్రెస్సులవాళ్లు అప్పటికే రెండుసార్లు అడిగారు. అడిగేవాళ్లు లేనిది ఆయనకే. ఈ లెక్కంతా నా తలలో స్పష్టంగా ఉంది. అయినా నోరు విప్పలేదు. నేనెంతసేపు ఊరుకున్నానో చాచా విన్నాడు.

"నై సేటూ, నాకు వేరే పనున్నది" అని ఆయనే లేచాడు. కుర్చీ నా వైపు జరిపాడు. "కూసో బేటీ."

కూర్చున్నాను. మౌస్ ఇంకా ఆయన చేతి వేడితో ఉంది. ఆ వేడి చల్లారక ముందే తర్వాతి కార్డు మొదలుపెట్టాను.