మధ్యలో ఎక్కినవాళ్లని దింపేసే అమ్మమ్మ

ఇంటర్నెట్టులో ఉన్న వీడియోలన్నీ మా అమ్మమ్మ దించేసింది. ఇంకో మూడో నాలుగో మిగిలాయి, అవీ ఆదివారానికి అయిపోతాయి. సోమవారం నుంచి ప్రపంచంలో ఎవరికి ఏ వీడియో కావాలన్నా మా గుమ్మంలో నిలబడి, ఆవిడ చేత నాలుగు తిట్లు తిని పట్టుకెళ్లాల్సిందే.

అమ్మమ్మ ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరు. ఉద్యోగం దిగి పదేళ్లయినా గొంతు మాత్రం ఇంకా ఫుట్‌బోర్డు మీదే ఉంది. వీడియో మధ్యలో ఆగి తెర మీద చక్రం తిరిగితే, "చక్రం తిరుగుతోంది, బండి కదలదు. ఇదేం డ్రైవింగే!" అని కంప్యూటర్ నెత్తిన ఒక్కటి వేస్తుంది. ప్రకటన వచ్చిందా, ఇక చూసుకోండి. "టిక్కెట్టు లేకుండా మధ్యలో ఎక్కాడు వెధవ! దిగు! దిగు!"

ఆ కోపంతోనే వీడియోల్ని ఫైళ్లుగా మార్చే సైట్లు పట్టుకుంది. లింకు తెచ్చి పెట్టెలో అతికించి నొక్కితే, వీడియో ఫైలై మన కంప్యూటర్లో పడుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ పేజీలో 'డౌన్‌లోడ్' అని ఐదు పచ్చ బటన్లుంటాయి, నాలుగు దొంగవి. అమ్మమ్మ వేలు ఆ నాలుగింటినీ పలకరించాకే అసలుదాని దగ్గరికి వెళ్తుంది.

"మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది" అంటుంది తెర.

"సోకితే నీకు సోకాలి, నీ వంశానికి సోకాలి!"

"అమ్మమ్మా, దానికి వినపడదు."

"వినపడనట్టు నటించేవాళ్లని ముప్పై రెండేళ్లు చూశాను. నువ్వు నోర్ముయ్."

నిన్నటి సైటు ఇవాళ ఉండదు. పేరులో ఒక అక్షరం మార్చుకుని ఇంకోచోట వెలుస్తుంది. "మీసం తీసేసి మళ్లీ ఎక్కితే గుర్తుపట్టననుకున్నావా?" అంటూ అమ్మమ్మ దాని కాలరు పట్టుకుంటుంది. పదో తరగతి ఒకటికి రెండుసార్లు చదివిన నేనుండగా, సాయమని ఒక్క మాట అడగదు.

పైగా దించిన ప్రతి ఫైలూ మొదటి నుంచి చివరిదాకా చూసి తీరాలి. ఆఖరి స్టాపుదాకా వెళ్లిందో లేదో తేల్చుకోవాలట. ఒకసారి నాన్న కుళాయి బాగుచేసే వీడియో అడిగాడు. అమ్మమ్మ నలభై నిమిషాలూ చూసి, పానా పట్టుకెళ్లి కుళాయి తనే బిగించి, "అల్లుడికి ఆ మాత్రం చాతకాదు" అని వారం రోజులు తిట్టింది. వీడియో మాత్రం నాన్నకివ్వలేదు.

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం చూద్దును కదా, అమ్మమ్మ తెర ముందు కూర్చుని "ఆ... ఈ... ఊ..." అంటూ నాలుక బయటపెడుతోంది. వంటింట్లోకి పరుగెత్తాను.

"అమ్మా, అమ్మమ్మ కంప్యూటర్‌ని వెక్కిరిస్తోందే!"

"తిట్లు అయిపోయుంటాయిలే" అంది అమ్మ.

అనుమానంతో అమ్మమ్మ వెనకాలే నక్కుతూ వెళ్లాను. పెన్‌డ్రైవ్ గుప్పిట్లో బిగించి పై వాటాకి ఎక్కింది. పై వాటాలో ఉండేది గడియారాలు బాగుచేసే ఆయన. ఆయన పూలకుండీల నీళ్లు మా ఆరేసిన బట్టల మీద కారతాయని ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ రోజూ పొద్దున్నే పోట్లాట. రెండు నెలల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట నేర్పే డాక్టరమ్మ, రోజూ చూస్తూ పలకమని వీడియోలు చెప్పింది. ఈ కొన్ని నెలలూ వదిలేస్తే మాట ఇక రావడం కష్టమంది. ఒకరోజు ఆయన వీడియో చూస్తూ కుస్తీ పట్టి "నీ... నీ..." అంటుండగా ప్రకటన ఎక్కింది. ఆయన దాన్నీ పలికేశాడు. అలా ఆయన నోట వచ్చిన మొదటి మాట "ఆఫర్!" ఆయన భార్య ఏడవాల్సింది నవ్వేసింది. ఆయన ఫోను గోడకేసి కొట్టి, ఆ రోజు నుంచి నోరు తెరవడం మానేశాడు.

అమ్మమ్మ పెన్‌డ్రైవ్ టీవీకి గుచ్చింది.

"ఏమయ్యా! నలభై ఒక్క వీడియోలు. టిక్కెట్టు లేనివాడు ఒక్కడు లేడు. అన్నీ నేనే పలికి చూశాను. ఇక కానీ."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"తిప్పుకో! ఇరవై ఏళ్లు నా చీరల మీద నీళ్లు పోశావు. నోరున్నప్పుడే తప్పయిందని అనలేదు, ఇప్పుడేం అంటావులే! రేపు నీ కుండీలన్నీ కింద పారేస్తాను, ఆపుతావా? ఏమని ఆపుతావు?"

గడియారాలాయన భార్య అడ్డురాబోతే అమ్మమ్మ చేత్తో వారించింది. ఆయన మాత్రం రిమోట్ అందుకున్నాడు.

అలా రోజూ వెళ్లి తిట్టొచ్చేది. ఆయన రోజూ పళ్లు నూరుతూ వీడియో పెట్టేవాడు. పందొమ్మిదో రోజు పొద్దున మేం బట్టలు ఆరేస్తుంటే పై నుంచి వినపడింది.

"నీ... నీళ్లు... పో... పోస్తా!"

పోశాడు కూడా, ఒక చెంబుడు. అమ్మమ్మ తడిసిన చీర పట్టుకుని వీధి వీధంతా వినేలా అందుకుంది. ఆ మొహం అంత వెలిగిపోవడం నేనెన్నడూ చూడలేదు.

ఆవిడ ఊపిరి పీల్చుకున్న సందు చూసి అడిగాను. "అమ్మమ్మా, ఆయనంటే నీకు లోపల ఇంత అభిమానమా?"

"అభిమానమా, నా మొహమా! నోరు పడిపోయినవాణ్ణి తిడితే జనం తప్పు నాదంటారే, పిచ్చిమొహమా!"