బీగంచెయ్యి

మా అమ్మ మతిమరుపు ముదిరాక బళేపేట గాజుల అంగళ్ళ సందుల్లో రెండుసార్లు తప్పిపోయింది. మూడోసారి పోకుండా బయటినుంచి బీగం వేసిపెట్టింది నేనే. లోపలినుంచి ఆమె తలుపు తట్టిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అందుకే, డెబ్బై ఒకటో ఏట నాకూ జ్ఞాపకశక్తి పరీక్ష అనేసరికి ముందు ఆ తలుపే గుర్తొచ్చింది.

పరీక్ష పెట్టేది డాక్టరేమీ కాదు, కాలేజీ పిల్ల. మా వీధి చివరి కమ్యూనిటీ హాలుకు ప్రతి గురువారం విద్యార్థులు వస్తారు. ముసలివాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో పిల్ల జోడీ. నా జోడీది విజయవాడ. నాకు బీపీ చూస్తుంది, మెట్లెక్కిస్తుంది. నేను తనకు చారులో వేసే సారు పొడి కొట్టడం చెబుతాను. హాస్టల్ తిండిని ఇద్దరం కలిసి తిట్టుకుంటాం. ఆరు నెలలకొకసారి మాత్రం కాగితం పట్టుకుని ప్రశ్నలడుగుతుంది. ఆ మార్కులు నా కొడుకు ఫోనుకు పోతాయి. వాడు ముందే చెప్పేశాడు. ఈసారి తగ్గితే ఇంటి తాళంచెవి వాడికిచ్చేయాలట, ఒక్కదాన్నే గడప దాటకూడదట.

మొదట మూడు మాటలు చెప్పి, చివర్లో అడుగుతానంది. తర్వాత బొమ్మలు చూపించింది. గొడుగు అన్నాను, కత్తెర అన్నాను. మూడోది తాళంచెవి. బీగంచెయ్యి అన్నాను. పిల్ల ముఖం వాడిపోయింది. చెయ్యి కాదు అమ్మమ్మా, మళ్ళీ చూడండి అంది. చూశాను. మళ్ళీ అదే అన్నాను. ఆమె తప్పు పెట్టేసింది. అమ్మకూ ఇలాగే, తను సరిగ్గానే చెబుతున్నట్టు అనిపించేదా?

కొంగు ముడి విప్పి మా ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టాను. "ఇదేమి పాపా? ఈ ఊరి కన్నడంలో దీన్ని బీగద కై అంటారు, కై అంటే చెయ్యి. మేము తాతల కాలం నుంచీ ఈడనే ఉండాము. మీకు అది చెవి, మాకు చెయ్యి. అంతే."

పిల్ల నాలుక కరుచుకుంది. తప్పు కొట్టేసి ఒప్పు పెట్టింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం.

ఆ నవ్వు మధ్యలోనే చివరి ప్రశ్న అడిగింది, మొదట చెప్పిన మూడు మాటలేవని. ఊయల అన్నాను. కొబ్బరికాయ అన్నాను. మూడోది రాలేదు. నాలుక చివర ఉందని చెప్పుకోవడానికి కూడా లేదు, అసలు అలాంటి మాటొకటి విన్నట్టే లేదు. ఈసారి నెపం వెయ్యడానికి కన్నడం లేదు.

పిల్ల ఇందాకటి పొరపాటుకు సిగ్గుపడిందో, నా మీద జాలిపడిందో, గడిలో మూడుకు మూడు అని రాసేసింది. నేను చూశాను.

ఎవరు తప్పు చేసినా నడివీధిలో నిలదీసే నోరు నాది. ఆ రోజు అది పెగల్లేదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇదేనా మా సందు అని చూసుకుంటూ ఇంటికొచ్చాను. కొడుకు ఫోన్ చేశాడు, మార్కులు బాగున్నాయమ్మా అన్నాడు. ఊఁ అన్నాను. లోపలికి పోయి గడియ పెట్టబోయాను. చెయ్యి రాలేదు. పొద్దుగూకేదాకా తలుపు తెరిచి పెట్టుకునే కూర్చున్నాను.