తమ్ముడు ఊరికే ఎక్కించిన ప్రోగ్రామ్

మా రొయ్యల షెడ్డు కంప్యూటర్‌లో వైరస్‌లకు కాపలా కాసే ప్రోగ్రామ్ గడువు తీరినప్పుడు, మళ్ళీ కొనడానికి నేను ఒప్పుకోలేదు. కంటికి కనపడని దానికి ఏటేటా డబ్బు కట్టడం నాకు సుతరామూ నచ్చదు. నేను చదివింది మూడో తరగతి. ఆయన పోయాక షెడ్డు నడుపుతున్నది నేనే. సంగతి విని మా తమ్ముడు ఆయుధపూజ నాడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. "ఊరికే దొరికేదానికి డబ్బులెందుకు అక్కా" అంటూ, కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టిన కాసేపటికే ఏదో ఎక్కించాడు. పొదుపు తెలిసినవాడని మురిసిపోయి వాడికి రెండు గారెలు ఎక్కువ వేశాను.

మా వ్యాపారంలో దాచుకోవలసింది ఒక్కటే: ఏ చెరువులో ఏ రోజు రొయ్యలు పడతారన్నది. రైతు మాటిచ్చాక ఆ తేదీ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. అది తెలిసేది నాకూ, కంప్యూటర్ చూసే అమ్మాయికీ. కోవూరు నుంచి వచ్చే ఆ పిల్ల ఏడేళ్లుగా మా దగ్గరే ఉంది.

పండగ తర్వాత మేము ఐసు లారీతో గట్టు మీదికి చేరేసరికి చెరువులు ఖాళీగా కనిపించసాగాయి. పక్క ఊరి వ్యాపారి ముందురోజే వచ్చి, ఎక్కువ రేటు చెప్పి పట్టుకుపోయేవాడు. మూడుసార్లయ్యాక ఓర్చుకోలేకపోయాను.

"తేదీలు ఎవరికి చెప్తా ఉండావు?" అని ఆ పిల్లను అడిగాను.

"నేనెవరికీ చెప్పలేదమ్మా. పండగ కాణ్ణించి కంప్యూటర్ మొరాయిస్తా ఉంది. ఎవరికన్నా చూపించండి."

"నోరు లేని దాని మీదికి నెట్టబాక. క్యారియర్ తీసుకొని బయల్దేరు."

రొయ్యల తలలు వొలిచే ఆడవాళ్లందరూ విన్నారు. ఆ పిల్ల ఏడవలేదు.

తర్వాతి తేదీ నేనే ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. ఆ చెరువూ పోయింది. అప్పుడు నెల్లూరు నుంచి మెకానిక్‌ను పిలిపించాను.

"ఇది కాపలాది కాదమ్మా, దొంగది. మీరు కొట్టే ప్రతి అక్షరం ఇంకొకరికి పంపిస్తా ఉంది" అన్నాడు. ఎక్కించిన రోజు కూడా చూపించాడు. ఆయుధపూజ.

తమ్ముడు బుకాయించలేదు. "ఆ వ్యాపారితో వాటా కలిసినాను అక్కా. ఈ వయసులో నీకెందుకీ తిప్పలని."

"నా వయసు అట్ట పెట్టు. ఆ పిల్లను గెంటేసినప్పుడు పక్కనే కూర్చోనుండావు గదరా."

"నువ్వు నన్ను అడగలేదు గదా."

నిజమే, అడగలేదు. అమ్మ పోయాక నా చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి అడగాలని తోచలేదు.

కోవూరు వెళ్లాను. ఆ పిల్ల మంచినీళ్లిచ్చి, "అందరి ముందర అన్నారు. అక్కడే చెప్పండమ్మా" అంది.

మరునాడు ఆమెను పక్కన నిలబెట్టుకుని, "తేదీలు అమ్ముకునింది నా తమ్ముడు, ఈ పిల్ల కాదు" అన్నాను. వొలిచే చేతులు ఆగాయి. ఇంటి గుట్టు ఏనాడూ షెడ్డులో విప్పినదాన్ని కాను. ఎవరో మెల్లగా అడిగారు: "మరి మీ తమ్ముణ్ణి ఏం చేసినారమ్మా?"

వాడి ఊసెత్తొద్దని కసురుదామనుకున్నాను. ఎత్తింది నేనే.