కందకంలో కూర్చుని తిందామని వెళ్లాం

మా అక్క రాయచోటి నుంచి వచ్చి అప్పుడే నెల అయిపోయింది. మర్నాడే తిరుగు విమానం. ఇంగ్లండులో ఇంకా ఏం చూస్తావని అడిగితే, "కందకముండే కోట ఏదన్నా ఉంటే పోదాం పాపా, సద్ది కట్టుకోని" అంది. ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మా ఊరి పాత కోట చుట్టూ ఉన్న ఎండు కందకంలోకి మేకల్ని తోలుకుని దిగేవాళ్లం. గోడ నీడన ఒకే గిన్నెలో ఇద్దరం తినేవాళ్లం. అక్క పెళ్లయ్యాక మళ్లీ అలా కూర్చున్నది లేదు. ఒక్కసారి కూర్చోవాలని నాకూ ప్రాణం కొట్టుకుంది.

పొద్దున ఎనిమిదికి స్లౌలో మా ఇంటి నుంచి బయల్దేరాం, డ్రైవింగ్ నాదే. ఎం25 హైవే మీద కొంత దూరం పోయి ఏ21 రోడ్డు పట్టుకుంటే బోడియం కోట దారి. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటలు. కారు నిండా చిత్రాన్నం, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వాసన. అద్దం దించుదామంటే అక్క ఒప్పుకోలేదు, చలట. కోట దగ్గర టికెట్టు కాక పార్కింగ్ డబ్బులు విడిగా కట్టాలి.

నాలుగడుగులు నడిచామో లేదో కోట కనిపించింది. దాని చుట్టూ చెరువంత నీళ్లు, వాటిలో బాతులు. అక్క సద్ది సంచీ చంకన పెట్టుకుని నిలబడిపోయింది.

"ఇదేంది పాపా, ఇన్ని నీళ్లుండాయి! దిగేదానికి మెట్లు యాడుండాయో అడుగు."

అడిగాను, ఏం చేస్తాను. టికెట్లు చూసే పెద్దావిడ నవ్వి, దిగితే ఈదాల్సిందే అంది. ఇంత చదువుకున్నదాన్ని, నాకైనా తట్టలేదు. మాకు కందకమంటే తుమ్మచెట్లూ మేకలే.

వంతెన మీదుగా లోపలికెళ్లి కప్పులేని గదులు, బురుజులు చూశాం. అక్క మనసు వాటి మీద లేదు. బయటికొచ్చి గడ్డి మీద నా శాలువా పరిచి గిన్నె మూత తీశాం. ఆ నీళ్లు చూస్తుంటే నాకు కడుపు మండింది.

"మన కందకంలో దీంట్లో సగం నీళ్లున్నా మన బతుకులు ఇంకో తీరుగా ఉండేవి గదక్కా" అన్నాను.

అక్క ముద్ద కలిపి నా నోటికందించింది. "నీళ్లుండింటే మనిద్దరం యాడ కూర్చుంటాంటిమి పాపా?" అంది.



ఇది రాసేసరికి అక్క రాయచోటి చేరిపోయింది. అంత గొప్ప కోట చూసొచ్చి, మా ఊరి ఎండు కందకం మీద బెంగ పెట్టుకుని కూర్చున్నాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: గడ్డి తడిగా ఉంటుంది, మందపాటి దుప్పటి పట్టుకెళ్లండి. అక్కతో వెళ్తుంటే మాత్రం ఆఖరి రోజుకు అట్టిపెట్టుకోకండి.