ఉద్దానంలో డీజే బీటు

డీజే వ్యాను వచ్చి బ్యాండువాళ్ళ పొట్ట కొట్టిందని మా వైపు అందరూ అంటారు. నేను ఆ మాట అనను. వ్యాను దానంతట అది వచ్చిందా? పిలిచింది మనవాళ్ళే కదా! మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు, నేను పుట్టకముందు నుంచీ బ్యాండు మేళం నడిపాడు. నన్ను పెంచిందీ ఆయనే. అటు సముద్రం ఒడ్డు దాకా, ఇటు టెక్కలి దాకా ఆయన పెద్ద డ్రమ్ము మోగని వీధి లేదు. అలాంటి మనిషి పెళ్ళిళ్ళ సీజన్లో గుమ్మంలో కూర్చొని మోగని ఫోను వంక చూస్తుండేవాడు.

ఎప్పుడైనా ఫోను మోగితే అవతలి కుర్రాడిది ఒకటే ప్రశ్న. "డీజే బీటు వాయిత్తారేటి?" రాదంటే పెట్టేసేవాడు. బాకాలు ఊదేవాళ్ళు అప్పటికే చెన్నైలో పనుల కోసం వాకబు చేస్తున్నారు. ఆ బీటు పట్టకపోతే మావ బ్యాండు మూసుకోవలసిందే. మేళంలో డ్రమ్ సెట్టు నాది. కాబట్టి నేర్చుకోవలసిందీ నేనే.

ఇంటి వెనక జీడిపిక్కలు పోసే రేకుల షెడ్డులో కూర్చున్నాను. ఫోను ముందర, ఇయర్‌ఫోన్ చెవిలో. వింటే ఎంత సులువో! కుడికాలు ఆగకుండా డుబ్ డుబ్ డుబ్ డుబ్. దెబ్బకీ దెబ్బకీ మధ్య హైహ్యాట్ తాళాలు చిస్ అనాలి. రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు. ఇంతేనా అనుకున్నాను. ఓలమ్మో! పాట సగానికి రాకముందే పిక్క పట్టేసింది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా. హుషారొస్తే పరుగు, అలిసిపోతే నత్తనడక. మిషను కాలికి హుషారూ లేదు, అలుపూ లేదు. పెద్ద డ్రమ్ము కడుపులో అమ్మ పాత బొంత కుక్కితే గాని ఆ పొట్టి మోత రాలేదు. చప్పట్ల కోసం పగిలిన సింబల్ పళ్ళెం మీద ఇంకో పగిలిన సింబల్ బిగించాను. పక్కింటివాళ్ళు తిట్టని తిట్టు లేదు.

ఒకరోజు మావ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవుల్ని సూసి వాయిత్తన్నావురా?"

"ఎవుల్నీ సూడకూడదు మావా. సెవిలో టిక్కు టిక్కుమంటాది. దాన్నే పట్టుకోవాల."

"ఆడేవోల కాళ్ళు సూడకుండా డ్రమ్మేటిరా? నీ మొకం!" అని విసుక్కొని వెళ్ళిపోయాడు. మర్నాడు మాత్రం నా పిక్కకు రాయమని కొబ్బరినూనె వేడిచేసి తెచ్చాడు.

అన్నిటికన్నా కష్టం డ్రాప్. స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద దెబ్బలు చిక్కబడతాయి, ఇంకా చిక్కబడతాయి, వానలా అయిపోతాయి, ఠక్కున అన్నీ ఆగిపోతాయి. ఒక్క ఊపిరి. ఆ ఊపిరిలో ఆడేవాళ్ళందరూ నేల మీదికి వంగి కూర్చుంటారు. అప్పుడు పడాలి దెబ్బ, అందరూ ఒక్కసారి ఎగరాలి. పాటంతా ఆ దెబ్బ కోసమే. అది కూడా పట్టేశాను. పక్కనే కూర్చోబెట్టి, అది ఎప్పుడు పడుతుందో మావకు నేర్పాను. "ఇప్పుడు పడతాది సూడు మావా" అని చెప్పి వాయిస్తే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అదృష్టం తలుపు తట్టిందనే అనుకున్నాం. సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల ఊళ్ళో, మంచాన ఉన్నవాళ్ళకు గుండెలదురుతున్నాయని పెద్దలు డీజే వ్యాను వద్దన్నారు. కుర్రాళ్ళేమో బీటు లేకపోతే పెళ్ళే వద్దన్నారు. మధ్యేమార్గంగా మమ్మల్ని పిలిచారు. మావ బాకాలన్నీ చింతపండు పెట్టి తోమించాడు. డ్రమ్ సెట్టు ట్రాక్టరు తొట్టిలో ఎక్కించాం.

మా వైపు ఊరేగింపులో ఒక మర్యాద ఉంది. జబ్బుతో మంచం పట్టినవాళ్ళ ఇల్లు వస్తే మేళం ఆపాలి. ఇల్లు దాటాక మళ్ళీ ఎత్తుకోవాలి. ముందు నడిచే పెద్దాయన కండువా పైకెత్తుతాడు, అదే గుర్తు. ఒకప్పుడు ఊరికి అలాంటి ఇళ్ళు ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు కిడ్నీ జబ్బు లేని వీధి ఏది? ఇన్ని నెలలు కాలు అరగదీసుకున్న నాకు ఆ సంగతి తట్టనే లేదు.

బీటు ఎత్తుకున్నాను. ఈలలు, కేకలు. స్నేర్ చిక్కబడింది, కుర్రాళ్ళు వంగి కూర్చున్నారు, కండువా లేచింది. ఆపాను. వాళ్ళు లేచి మోకాళ్ళు దులుపుకొని నడిచారు. ఇల్లు దాటాం, మళ్ళీ మొదటి నుంచి. స్నేర్ దాకా వచ్చేసరికి మళ్ళీ కండువా. ఇంకో సందు తిరిగితే అక్కడా కండువా. క్లారినెట్ వాయించే ఇచ్ఛాపురం ఆయన ఒడియాలో ఏదో గొణుక్కున్నాడు. పెళ్ళికొడుకు తమ్ముడికి తిక్క రేగింది.

"ఒక్కపాలి ఆపకుండా వాయించన్నా!" అని తొట్టి పట్టుకొని అరిచాడు.

పెద్దాయన వెనక్కి తిరిగి, "ఆ ఇంట్లో ఉన్నది మీ పెదనాన్నేరా" అన్నాడు. వాడు తొట్టి వదిలేశాడు.

పెళ్ళివారి పందిరి వచ్చేసింది గాని ఒక్క డ్రాప్ పడలేదు. సామాను దింపుతుంటే ఆ తమ్ముడే నా దగ్గరకొచ్చాడు. "నీ తప్పేటీ లేదన్నా. బాగానే వాయించినావు. మా ఊల్లో ఏ పాటా పూర్తవదు, అంతే" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తరవాత ఆ ఊరి పెళ్ళిళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవీ, కాశీబుగ్గ ఫంక్షన్ హాళ్ళకు వెళ్ళిపోయాయి. హాల్లో అడ్డుపడే ఇల్లు ఉండదు, డీజే పెట్టె మూలనే ఉంటుంది. బాకాలవాళ్ళు చెన్నై రైలెక్కారు. మావ కాళ్ళు ఉబ్బడం మొదలైంది. మా వైపు కాళ్ళు ఉబ్బితే ఇక ఎవరూ ఏమిటని అడగరు. ఇప్పుడు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకొని వస్తాడు, వచ్చి పడుకుంటాడు.

మొన్న సాయంత్రం మా వీధిలోనే పెళ్ళి ఊరేగింపు. డీజే వ్యాను చివరి సందులో ఉండగానే మావ మంచం మీద తల తిప్పి చెవి ఒగ్గాడు. బీటు దగ్గరయింది. స్నేర్ చిక్కబడింది. ఆయన మొహంలో ఎన్నాళ్ళకో కళ వచ్చింది. "ఇప్పుడు పడతాది సూడు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మోత ఠక్కున ఆగింది. ఊపిరి బిగబట్టి చూశాం. పడలేదు.

మావకు అర్థమవడానికి కాసేపు పట్టింది. మోచేతి మీద లేచి, గొంతు చించుకొని అరిచాడు. "ఆపీకండ్రా! ఈ ఇంటి ముందర ఆపుతారేటి? వాయించండ్రా!"

నేను వీధిలోకి పరుగెత్తాను. వాయించండి బాబూ అని బతిమాలాను. కుర్రాళ్ళు నా వంక చూడలేదు. తలలు వంచుకొని, చెప్పుల చప్పుడు కూడా రానీయకుండా మా ఇల్లు దాటి వెళ్ళిపోయారు.