పది ఉతుకుల మల్లె వాసన

నెల దినాలుగా మా వీధంతా మల్లెపూల వాసన. ఎవరింట్లోనూ పెండ్లి లేదు. మల్లెచెట్టు అసలే లేదు. మూడు దినాలకొకసారి కొళాయి వచ్చే ఊర్లో చెట్టెవరు పెంచుతారు? ఆ వాసన మా దండెం మీది నుంచి వస్తాంది. మామూలుగా ఊర్లో సంగతులు మోసేది నేను. ఈసారి నా సంగతిని గాలే మోసింది, నాకా పని కూడా మిగలలేదు.

నేను మిషను కుడతాను. జాకెట్టు కుట్టించుకునేదానికి వచ్చినోళ్ల నుంచి నడుము కొలత, ఇంటి గుట్టు ఒకేసారి తీసుకుంటాను. పక్కింటి కోడలు సుజాతకు సెంటు పడదని ఊరంతా చెప్పింది నేనే. ఊదుబత్తి ముట్టిస్తే ఆ పిల్లకు తుమ్ములు. పౌడరు పూసుకున్నోళ్లు పక్కన కూర్చుంటే ఆయాసం. "పని ఎగ్గొట్టేదానికి మంచి రోగం దొరికింది. అత్త సాంబ్రాణి వేసిన దినం గిన్నెలు కూడా తోమదు" అని కొళాయి కాడ చెప్తే అందరూ నవ్వినారు. సుజాత బిందె పట్టుకుని వెనకాలే నిలబడుంది.

రెండు నెలల కిందట ఆ సుజాతే రెండు పాత నూలు చీరలు తెచ్చి నా మిషను మీద పెట్టింది. అప్పటికి ఎనిమిదో నెల.

"పురిటి బొంత కుట్టియ్యి రాములక్కా. మా అమ్మ చీరలు."

వాళ్లమ్మ చనిపోయి ఏడాది కాలేదు. మా దిక్కు, పుట్టిన బిడ్డను కొత్తగుడ్డ మీద పండబెట్టరు. పెద్దోళ్ల పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుడతారు. ఎవరి చీర మీద పండుకుంటే బిడ్డకు వాళ్ల గుణం వస్తుందంటారు. వాళ్లమ్మ నోట్లో నాలిక లేని మనిషి. కూతుర్ని చూసేదానికి వచ్చినప్పుడంతా నేను ఎంత గెలికినా, ఆమె దగ్గర ఒక్క గుట్టు దొరకలేదు.

"ఉతకొద్దక్కా, అట్లే కుట్టు," అంది సుజాత. "ఇంకా అమ్మ వాసన ఉండాది."

నేనూ వాసన చూసినాను. కట్టెల పొగ, చెనక్కాయల దుమ్ము. పసిబిడ్డకు ఈ వాసనేం ఖర్మ అనుకున్నాను. నా దయాగుణం అట్లాంటిది.

కొళాయి కాడి మాట లోపల ఎక్కడో గుచ్చుకుంటాండెనేమో, బొంతకు అడుగు గుడ్డ నేనే కొనిద్దామని అనంతపురం పోయినాను. షాపాయన ఒక తెల్లగుడ్డ విప్పినాడు. గుప్పుమని మల్లెపూలు.

"వాసన గుడ్డలోనే కలిపినారమ్మా. పది ఉతుకులకు గ్యారంటీ."

సుజాతకు సెంటు పడదని నీకు గుర్తు రాలేదా అంటారు. వచ్చింది. కానీ అదంతా నాటకమని ఊరికి చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మేసినాను.

బొంత కుట్టి వారం దినాలు పెట్టెలో పెట్టి మూత వేసినాను, వాసన బాగా పట్టాలని. తీసుకుపోయి ఇస్తే సుజాత కండ్లు మూసుకుని మొగానికి అదుముకుంది. ఇంక ఊపిరి తిరగలేదు. పెదాలు నీలంగా మారినాయి. ఆటోలో అనంతపురం ఆసుపత్రికి. దోవ పొడవునా ఆమె ఒక చేత్తో కడుపు, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఆ పొద్దు అత్త కూడా ఇంట్లో లేదు, పట్టుకునేదానికి నేను తప్ప ఎవరూ లేరు. ముక్కుకు గొట్టం పెట్టి రాత్రంతా ఉంచుకున్నారు. తల్లికీ బిడ్డకూ ఏం కాలేదు.

తిరిగొచ్చి కుట్లన్నీ విప్పినాను. అడుగు గుడ్డ పారేసినాను. కానీ మల్లె అప్పటికే చీరల్లోకి దిగింది. నీళ్లొచ్చిన దినం ఒక్కో ఉతుకు. మొదటి ఉతుక్కే పొగ, దుమ్ము పోయినాయి. పది ఉతుకులైనా మల్లె పోలేదు. షాపాయన నా మాదిరి కాదు, మాట మీద నిలబడే మనిషి.

సుజాత ఒకదినం వాళ్ల గడప కాడికి వచ్చి, దూరం నుంచే దండెం దిక్కు చూసింది.

"అమ్మ వాసన పోయిందా అక్కా?"

"పోయింది."

"మల్లె వాసన?"

"ఉండాది."

"నాయన పోయినంక మా అమ్మ ఇరవై ఏండ్లు పూలు పెట్టుకోలేదక్కా," అని చెప్పి ఇంట్లోకి పోయింది.

నా జన్మలో కొళాయి కాడికి మోయని మాట అదొక్కటే.

పోయిన వారం సుజాతకు ఆడబిడ్డ పుట్టింది. అత్త చీరలన్నిటికీ సాంబ్రాణి వాసన, బొంతకు ఇంకెవరి చీరలూ లేక నావి రెండు అడిగింది. సెంటు కాదు కదా, సబ్బు కూడా తగలనీకుండా ఉడుకునీళ్లలో పిండి కుట్టిచ్చినాను. నోరెత్తని అవ్వ ఉండాల్సిన చోట నేనుండాను.

నిన్న చూడబోతే, బిడ్డ నిద్రపోకుండా, గోడవతల ఎవరో మాట్లాడుకుంటా ఉంటే అటే తల తిప్పి పండుకునింది.

"అంతా నీ చీర గుణమే రాములక్కా," అంది సుజాత.

నవ్విందనే అనుకుంటాండాను. నా చేతులకు ఆ వాసన ఇంకా పోలేదు కదా, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునుంది. సరిగ్గా కనపడలేదు.